తుపాకీ మీద ముద్ర

ఇటలీవాళ్లు ఇథియోపియా వదిలి ముప్ఫై ఏళ్లయింది. గోందార్ కచేరీలో వాళ్లతో పోరాడిన దేశభక్తుల జాబితా రాస్తున్న మెంగేషా ఒకప్పుడు తుపాకులు బాగుచేసేవాడు. చనిపోయిన తండ్రి పేరు రాయించాలని అస్నకెచ్ అనే ఆవిడ తెచ్చిన పాత తుపాకీని బల్ల మీద తిప్పి, తుప్పు తుడిచాడు.

"మీ నాన్న దీన్ని ఇటలీ సిపాయిని చంపి లాక్కున్నాడా?" అన్నాడు వెటకారంగా.

"ఊరంతా అదే చెప్పుకుంటుందయ్యా."

"ఊరికేం, ఎన్నైనా చెబుతుంది. ఈ ముద్ర చూడు. వాళ్ల కూటికి ఆశపడి మనవాళ్లనే కాల్చిన మన కుక్కలకిచ్చిన తుపాకీ ఇది. మీ నాన్న వీరుడు కాదు, వాళ్ల బంటు. సిగ్గులేకుండా పతకం అడగడానికొచ్చావా?"

వరసలో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఒకడు నేల మీద ఉమ్మాడు.

అస్నకెచ్ తుపాకీ మీద చెయ్యి వేసింది.

"ముద్ర సరిగ్గానే చదివారు. ఇది మా చిన్నాన్నది. వాళ్లకు బంటుగా పోయింది ఆయనే. మా నాన్న కొండదారిలో కాపు కాసి, సొంత తమ్ముణ్ణి కాల్చి దీన్ని తెచ్చాడు. మా నానమ్మ పోయిన నెల దాకా బతికే ఉంది. ఆవిడ చెవిన పడకూడదనే, చచ్చింది ఇటలీవాడని ఇన్నాళ్లూ చెప్పాం. ఇప్పుడు రాసుకోండి" అంది.