పాపకు పడని వాసన

ఆఖరి ట్రిప్పు ముగించి ఇంటికి రాగానే బస్సు డ్రైవరు చొక్కా విప్పి బయట మేకుకు తగిలిస్తాడు. సిగరెట్ వాసన పోయేదాకా వేళ్లకు నిమ్మచెక్క రుద్దుకుంటాడు. ఆయాసం ఉన్న కూతురికి ఆ వాసన పడేది కాదు. పాప పోయి మూడు నెలలైనా అలవాటు పోలేదు.

"ఇంకెవరి కోసమండీ ఈ తంటాలు?" అంది భార్య ఆ రాత్రి, అటు తిరిగి పడుకుంటూ.

నిజమే అనుకుని, విప్పబోతున్న చొక్కాతోనే పాప గదిలోకి వెళ్లాడు. చీకట్లో, ఖాళీ మంచం మీంచి, చిన్న దగ్గు వినిపించింది. మళ్లీ ఇంకోటి.

ఒక్క పరుగున బయటికెళ్లి చొక్కా విప్పేసి, చేతులు మండేలా తోముకుని వచ్చాడు.

"వచ్చేశానమ్మా, వాసన పోయింది."

మంచం పక్కనే కూర్చున్నాడు. ఏ చప్పుడూ లేదు.

తెల్లవారబోతుండగా లేచి, ఆ చొక్కా మళ్లీ తొడుక్కుని వచ్చి, మంచం పక్కనే చెవొగ్గి కూర్చున్నాడు.