నీలి నాలుక

వారం రోజుల్లో ఇరవై ఆరు మందు ఫిల్ములు మాయం! బీరువా తాళం మాత్రం చెక్కు చెదరలేదు. ఎందుకు చెదురుతుంది, తాళంచెవి ఎప్పుడూ పక్కనున్న మేకుకే వేలాడుతుంటే!

సైంటిస్టు మళ్లీ మళ్లీ లెక్కపెట్టాడు. పార్శ్వపు తలనొప్పి మందును నాలుక మీద పెట్టగానే కరిగిపోయే పల్చటి ఫిల్ముగా మార్చి, దాని చేదును దాచడానికి ఆయన మూడేళ్లు గొడ్డుచాకిరీ చేశాడు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, అందుకే తయారుచేసినవాళ్లు రుచి చూడకూడదని ఆ ల్యాబులో రూలు. రుచి చూడటానికి, అందరూ పిన్నీ అని పిలిచే ఒకామెను పెట్టారు. చేదు పూర్తిగా పోయిందని పోయిన నెలే ఆమె సంతకం పెట్టింది.

రేపు పదింటికి ఈ మందును కొనే కంపెనీవాళ్లు వస్తున్నారు. ఈలోగా ఫార్ములా పోటీవాళ్ల చేతిలో పడిందా, ఆయన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

అనుమానమంతా స్టోర్‌కీపర్ మీదే. అతని బావమరిది పనిచేసేది ఆ పోటీ కంపెనీలోనే మరి!

సైంటిస్టు ఆ పొద్దున్నే కసిగా కూర్చుని, తీపి అన్నది కలపకుండా పచ్చి చేదు ఫిల్ములు ముప్పై చేశాడు. తడి తగిలితే నీలంగా మారే రంగు అందులో కలిపి బీరువాలో పెట్టాడు. దొంగిలించినవాడు ఒక్కటైనా నోట్లో వేసుకుని చూడకపోతాడా! దొంగవెధవ తిక్క కుదరాలి!

సాయంత్రానికి రెండు తగ్గాయి.

"అందరూ వరసగా నిలబడి నాలుకలు చాపండి!" అని ఉరిమాడు.

"ఇదేం చోద్యం సార్! నాకు జ్వరమూ లేదు, మీరు డాక్టరూ కాదు," అని గొణుగుతూనే స్టోర్‌కీపర్ నాలుక చాపాడు. ఎర్రగా ఉంది. వాచ్‌మన్ బాబాయిదీ అంతే. చివర్న నిలబడ్డ పిన్ని నాలుక సిరా తాగినట్టు నీలంగా ఉంది.

సైంటిస్టు నోరెళ్లబెట్టాడు. ఆమెను పక్కగదిలోకి తీసుకెళ్లాడు.

"నువ్వా పిన్నీ?"

"తప్పయిపోయింది బాబూ. నాకూ ఆ పాడు తలనొప్పే. తల పగిలిపోతుంటే చెయ్యి ఆగలేదు. బయటివాళ్లకి ఒక్కటి కూడా ఇవ్వలేదు, మీమీద ఒట్టు!"

సైంటిస్టుకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఫార్ములా ఎక్కడికీ పోలేదన్నమాట! ఆ సంతోషంలో దొంగతనం కూడా క్షమించేశాడు.

"సరే పోనీలే. ఇంతకీ, అంత చేదు కక్కకుండా ఎలా మింగావు పిన్నీ?"

పిన్ని గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించింది.

"మీ కాళ్లు పట్టుకుంటా, ఎవరికీ చెప్పకండి బాబూ! ఇక్కడ పనిలో చేరకముందే విషజ్వరమొచ్చి, నా నాలుకకి రుచన్నదే పోయింది."