వాగు పక్కనే ఉన్న మందు

చిట్టడవి అంచున చుక్కి అనే కుక్క ఉండేది. దాని పిల్లకి ఒళ్లంతా గజ్జి పట్టింది. చెవుల నిండా పిడుదులు చేరి రక్తం పీలుస్తుంటే, అది లేచి నిలబడలేకపోయింది.

ఆ అడవిలో వైద్యం చేసేది నక్క ఒక్కటే.

"మందు దూరపు కొండల నుంచి తెప్పించాలమ్మా. పూటకో చేప తెస్తేనే రాస్తాను" అంది నక్క.

చుక్కి తాను పస్తులుండి, వాగులో పట్టిన చేపలన్నీ నక్కకే ఇచ్చింది. నాలుగో రోజు చేప దొరకలేదు.

"అయితే పిల్లని తీసుకుపో" అని నక్క మొహం తిప్పుకుంది.

దారిలో గోరింక జాలిపడి పిల్ల చెవుల్లోని పిడుదులు ఏరసాగింది. ఇంతలో దానికి పిల్ల ఒంటికి నక్క రాసిన మందు వాసన తగిలింది.

"అక్కా, ఇది కానుగ నూనె! నువ్వు చేపలు పట్టేది ఆ చెట్టు కిందే కదా!"

చుక్కికి ఒళ్లు మండిపోయింది. మేకని బతిమాలి కానుగ గింజలు తొక్కించి, ఆ నూనె పిల్లకి రాసింది. గోరింక రోజూ వచ్చి పిడుదులు ఏరింది. కొన్నాళ్లకి పిల్ల పరుగులు తీసింది.

అప్పుడు చుక్కి నేరుగా నక్క గుహకి వెళ్లింది. అక్కడ రోగులు చేపలు పట్టుకుని బారులు తీరి ఉన్నారు.

"నా బిడ్డ చచ్చిపోతుంటే వాగు పక్క చెట్టుని దాచిపెట్టావా? నీకు సిగ్గులేదూ?"

"అందరికీ చెప్పేస్తే ఇక నా దగ్గరికి ఎవరొస్తారు?" అని నక్క గొణిగింది.

ఆ మాట విని, బారులో ముందున్న ముసలి తోడేలు తాను ఇచ్చిన చేపని నక్క దగ్గర్నుంచి వెనక్కి లాక్కుంది.

"పదవమ్మా చుక్కీ, ఆ చెట్టేదో చూపించు" అంది.

బారు మొత్తం చుక్కి వెనక వాగు వైపు నడిచింది.