తోడుకు వచ్చిన పిల్ల

"ఎస్తేర్ వస్తేనే దవాఖానకు వస్త బాపూ. లేకుంటె నేను రాను," అంది సాయిలత.

ముత్తయ్యకు ఒళ్ళు మండింది. మోకాలికి ఆపరేషనై ఇంట్లో కూర్చున్న బిడ్డ, ఎవరిని తలచుకుంటే తన కడుపు రగులుతుందో ఆ పిల్లనే తోడు అడుగుతోంది. సాయిలత కాలు దెబ్బతినగానే రాష్ట్ర కబడ్డీ జట్టులో ఆమె చోటు ఎస్తేర్‌కు దక్కింది. ఎల్లారెడ్డి బస్టాండు ముందర ఆ పిల్ల బొమ్మతో ఫ్లెక్సీ కూడా కట్టారు.

"ఆమె ఎందుకే? నీ జాగ గుంజుకున్నది సాలదా?"

"ఆమె గుంజుకోలే బాపూ. నా కాలు ఇరిగింది. గంతే."

"మనసు బాగలేనోళ్ళను సూసే డాక్టరమ్మ కామారెడ్డిల ఉన్నదట, తీస్కపో," అని మొన్న సాయిలత తనంతట తానే అడిగినప్పటి నుంచి ముత్తయ్యకు అన్నం దిగడం లేదు. పిల్లకు రాత్రిళ్ళు నిద్ర లేదు. దుప్పటి కప్పుకుని ఫోనులో గుసగుసలాడుతూనే ఉంటుంది. ఒక్కోసారి ఏడుపు వినిపిస్తుంది.

పొద్దున్నే నాగిరెడ్డిపేట నుంచి ఎస్తేర్ వచ్చింది, నవ్వుతూ.

"రంది పెట్టుకోకు కాకా. సాయికి ఏం గాదు. నేనున్న గదా."

కామారెడ్డి బస్సులో కండక్టర్ ఆ పిల్లను గుర్తుపట్టాడు.

"కబడ్డి బిడ్డవు గదమ్మా? నేషనల్స్‌ల గోల్డ్ తేవాలె. జిల్లా మొత్తం నీ మీదనే ఆశ పెట్టుకున్నది."

"తెస్త అన్నా," అని నవ్వింది ఎస్తేర్.

తన బిడ్డ వినవలసిన మాటలవి. ముత్తయ్య ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కాసేపటికి వెనక్కి చూస్తే, సాయిలత ఎస్తేర్ చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చుంది.

బస్సు దిగాక, నీళ్ళ సీసా తెస్తానంటూ ఎస్తేర్ అడుగు వేసింది. సాయిలత చంకకర్ర ఆనించుకుని వెంటే కుంటుతూ బయలుదేరింది.

"నువ్వేడికే? కూసో. ఆమె తెస్తది."

"నేను గూడ పోత బాపూ."

ఒక్క క్షణమైనా ఆ పిల్లను వదిలి ఉండలేకపోతోంది. ఇంత బెంగ మోస్తున్న బిడ్డను ఇన్నాళ్ళూ 'ఆటనే గదా, పోతే పోయింది' అని కసిరాడు. ముత్తయ్య తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు.

దవాఖాన వరండాలో బెంచీ మీద కూర్చున్న సాయిలత భుజం మీద ఎస్తేర్ చెయ్యి వేసింది.

"డాక్టరమ్మకు అంతా చెప్పు సాయీ. మనసుల పెట్టుకుంటె ఇంకింత ఎక్కువైతది."

"చెప్త. ఏం దాచ," అంది సాయిలత.

లోపలికి పిలిచారు. డాక్టరమ్మ ముగ్గురినీ చూసి మెల్లగా అడిగింది.

"ఎవరికమ్మా బాగాలేనిది?"

"నా బిడ్డకు మేడమ్," అన్నాడు ముత్తయ్య. "ఆట పోయిందని మనాది పెట్టుకున్నది. ఎట్లనన్న బతికించుండ్రి."

డాక్టరమ్మ ఎదుటి కుర్చీ చూపించింది. సాయిలత కూర్చోలేదు. కర్రను గోడకు ఆనించి, ఎస్తేర్ భుజాలు రెండూ పట్టి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఎస్తేర్ ముఖంలో నవ్వు చెదిరిపోయింది. లేవబోయింది. సాయిలత లేవనివ్వలేదు.

"తన కోసమంటె రానన్నది మేడమ్, నా కోసమంటె వచ్చింది. మెడల్ తేకుంటె నేను బతకనని రోజూ రాత్రి నాకు ఫోన్ చేసి ఏడుస్తున్నది ఈమెనే."