గుండీలాయన

నాన్నకు గడ్డం గీయాలి. ఇస్త్రీ చొక్కా తొడగాలి. చెప్పులు తుడవాలి. పాత పరీక్షల కాగితాలు వెతకాలి. తను పనిచేసే బట్టల కొట్లో పూట సెలవు అడగాలి. బండి మాట్లాడాలి.

ఇవన్నీ తొమ్మిదిలోపు కావాలి.

నాన్న వడ్రంగి. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయినప్పటి నుంచి ప్రభుత్వం ఇచ్చే వైకల్య భత్యంతోనే ఇంటద్దె, మందులు. దాని గడువు ఈ నెలతో సరి. డాక్టరు మళ్ళీ చూసి, చెయ్యి రాలేదని రాస్తేనే కొనసాగుతుంది.

“పడిపోయిందని వాళ్ళకి తెలుసుగా. మళ్ళీ మళ్ళీ చూసేదేంటే?” అన్నాడు నాన్న.

“తగ్గిందేమోనని చూస్తారు నాన్నా.”

“తగ్గితే నేనే చెప్పనూ! ఉలి పట్టుకుని ఊరంతా ఊరేగుతా.”

కూతురు నవ్వుతూనే మెడదాకా గుండీలన్నీ పెట్టింది. డాక్టరు ముందుకు ఎలా పడితే అలా వెళ్తామా?

ఆస్పత్రి వరండా కిక్కిరిసి ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె లేస్తోంది, కూర్చుంటోంది.

“కాస్త కుదురుగా ఉండవే. నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి.”

అప్పుడొచ్చాడు ఒకాయన. మాసిన గడ్డం. మెడ దగ్గర సాగిపోయిన బనియను. కుడిచెయ్యి జేబులో.

“ఆ గుండీలెవరు పెట్టారు?”

“నేనే. మీకెందుకండీ?”

“విప్పెయ్యమ్మా.”

“ఏంటీ?”

ఆయన వంగి, ఎడమచేత్తో నాన్న చొక్కా గుండీలు చకచకా లాగేశాడు.

“పిచ్చా నీకు! పెద్దాయన ఒంటిమీద చెయ్యేస్తావా?”

వరండా అంతా తిరిగి చూసింది. గార్డు పరుగెత్తుకొచ్చాడు.

“ముందు ఇతన్ని బయటికి పంపండి!”

“అది కాదమ్మా, ఈయన...”

“పంపుతారా, పైవాళ్ళకి చెప్పనా?”

ఆయన గేటు వైపు నడిచాడు. వెళ్తూ వెళ్తూ నాన్న వైపు తిరిగి, “లోపల మాత్రం బాగున్నాననకు అన్నా,” అన్నాడు.

అంతలో పిలుపొచ్చింది. గుండీలు పెట్టే వ్యవధి లేదు.

“ఎలా ఉన్నారు?” అంది డాక్టరమ్మ.

“బాగున్నానండీ.”

“మీ పనులు మీరే చేసుకుంటున్నారా?”

“అన్నీ నేనేనండీ.”

పరాయివాళ్ళ ముందు నాన్న ఎప్పుడూ అంతే.

డాక్టరమ్మ కలం తీసింది. ఆమె చూపు చొక్కా మీద ఆగింది.

“అయితే ఆ గుండీలు పెట్టుకోండి.”

కుడిచెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. ఒక్క ఎడమచేతికి గుండీ కాజాలోకి ఎక్కలేదు. నాన్న నుదుటి నిండా చెమట.

చాలాసేపటికి తల దించుకుని, “అమ్మాయి పెడుతుందండీ,” అన్నాడు.

డాక్టరమ్మ రాసింది.

“ఎప్పటిదాకా ఇస్తారు మేడమ్?”

“ఆ చెయ్యి ఇక రాదమ్మా. ఆయన ఉన్నంతకాలం ఇస్తారు. మళ్ళీ పరీక్షకి రానక్కర్లేదు.”

సంతోషించాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

బయటికొచ్చి గేటుదాకా పరుగెత్తింది. గుండీలు విప్పినాయన కనబడలేదు.

“నా వల్ల ఆయన వంతు పోయిందా?” అని గార్డును అడిగింది.

“గుండీలాయనకి వంతేంటమ్మా! ఆయన భత్యం ఎప్పుడో ఆపేశారు.”

“చెయ్యి బాగైందా?”

“ఎక్కడ! ఆవేళ వాళ్ళావిడ గుండీలు పెట్టి మరీ తీసుకొచ్చింది, పెళ్ళికొడుకులా. అన్నీ నేనే చేసుకుంటానన్నాడు. డాక్టర్లూ అదే రాసుకున్నారు.”

“మరి ఇక్కడికెందుకు రావడం?”

“పరీక్ష పెట్టినప్పుడల్లా వస్తాడు. ఇలాగే ఎవరితోనో తిట్లు తిని పోతాడు.”

ఇలాంటి వరండాలో ఎప్పుడైనా మీ నాన్న గుండీలు విప్పబోయిన మనిషి మీద మీకు కోపమొస్తే, దయచేసి ఈయన్ని గుర్తుంచుకోండి: గుండీలు పెట్టే భార్య చనిపోయాక ఆయన మళ్ళీ చొక్కా తొడుక్కోలేదు.