తాడు పరీక్ష

గుల్‌మొహర్ చెట్టు మీద ఎండుకొమ్మ కోస్తున్న ఎబినేజర్ ఉన్నట్టుండి కాలు జారి, నడుం బెల్టుకున్న తాడుకు వేలాడిపోయాడు. హెల్మెట్ ఠంగుమని మానుకు తగిలింది. చేతిలోని రంపం జారి పూలకుండీలో పడింది. ఆ తర్వాత మనిషి ఉలకలేదు, పలకలేదు.

కింద కొమ్మలు లాగుతున్న తీతు తలెత్తి చూశాడు. లాగుతున్న కొమ్మ వదిలేశాడు. మరుక్షణమే మొహం విప్పారింది. పరీక్ష మొదలైందన్నమాట.

ఉస్తాద్ ఎబినేజర్ సోమవారమే చెప్పాడు. "గీ వారంల నీకు పరీక్ష పెడ్త. దెబ్బ తగిలి చెట్టుకు వేలాడుతున్న మనిషిని పానంతోని కిందికి దించాలె. ఎప్పుడో మాత్రం చెప్ప. చేతులు వణికినయా, ఇగ జిందగీ మొత్తం కొమ్మలు లాగుడే నీ పని."

పోయినసారి చేతులు వణికి ముడి పడక ఫెయిలయ్యాడు తీతు. ట్రైనింగ్‌లో చేరి ఇన్నాళ్లయినా చెట్టెక్కి ఒక్క కొమ్మ కోసింది లేదు. వాళ్లమ్మ ఎలీశమ్మేమో తన కొడుకు చెట్ల డాక్టరని చర్చిలో అందరికీ చెప్పేసుకుంది. ఈసారి కూడా తప్పితే ఆమెకు మొహం ఎట్లా చూపించాలో అతనికి తెలియడం లేదు.

ఇంటావిడ సూర్యప్రభ గేటు దగ్గరనుంచి కేక పెట్టింది. "అయ్యో, ఆయనకేదో అయిపోయిందండీ. ఎవరైనా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి."

"ఏం గాలేదు మేడమ్, పరేషాన్ గాకుండ్రి. గిది నా పరీక్ష. ఆయన యాక్టింగ్ చేస్తుండు."

"యాక్టింగా? ఆ మొహం చూడు బాబూ, ఎలా పాలిపోయిందో."

"మా ఉస్తాద్ అంటే గట్లుంటది మరి," అన్నాడు తీతు గర్వంగా, బెల్టు బిగించుకుంటూ.

చంపాపేట్ గల్లీలో వార్త పాకడానికి ఎంతసేపు? ఇస్త్రీ బండి ఆయన పెట్టె పక్కన పెట్టి వచ్చాడు. ఎదురింటివాళ్లు డాబా ఎక్కారు. ఫోన్లు పైకి లేచాయి. ఎవరో అంబులెన్స్ మాట ఎత్తబోతే, "పరీక్షటండీ, ఆయన నటిస్తున్నారట" అని ఈసారి సూర్యప్రభే సర్దిచెప్పింది.

ఆపదకు అక్కరకొస్తుందని ఇంకో తాడు ముందే చెట్టుకు వేసి ఉంచుతారు. తీతు దాన్ని గుంజి చూశాడు. అది పడిన కొమ్మ పచ్చిదో ఎండుదో చూశాడు. ముడి వేశాడు. వేసిన ముడిని మళ్లీ తడిమి చూసుకున్నాడు. చేతులు వణకలేదు. అతనికే ఆశ్చర్యమేసింది. ఉత్తుత్తి దెబ్బకు వణకడమెందుకని నవ్వుకుంటూ ఎక్కాడు.

పైనుంచి చిన్న మూలుగు వినిపించింది. "తీతూ... జల్ది రారా..."

"జల్ది జల్ది చేస్తే ఫెయిలని మీరే అన్నరు గద ఉస్తాద్. నేను అన్నీ చూస్కుంటనే ఒస్త."

"అరే... ఊపిరి ఆడ్తలేదురా..."

"బెల్టుకు శానసేపు వేలాడితే గట్లనే అయితది. గదీ మీరే చెప్పిండ్రు."

"ఏం యాక్టింగ్ చేస్తుండు భయ్," అని మెచ్చుకున్నాడు కింద ఇస్త్రీ ఆయన. "నిజంగనే పోతున్నట్టే ఉన్నది."

తీతు పక్కకు చేరాడు. ఉస్తాద్ బెల్టును తన బెల్టుకు తగిలించాడు. బరువంతా తన తాడు మీదికి వచ్చిందని నమ్మకం కుదిరాకే ఆయన తాడు విప్పాడు. తల వెనక్కి వాలకుండా భుజానికి ఆనించుకున్నాడు. ఉస్తాద్ చొక్కా తడిసి ముద్దయింది. చెమట కూడా కావాలని ఎట్లా తెప్పించుకున్నాడో అని తీతు లోలోపల దండం పెట్టుకున్నాడు.

మెల్లగా, ఒక్క కుదుపు కూడా లేకుండా ఇద్దరూ నేలకు దిగారు. తీతు ఆయన్ని పడుకోబెట్టి బెల్టు వదులు చేశాడు. చుట్టూ మూగినవాళ్లను గాలి ఆడేలా దూరం జరిపాడు. తర్వాత నేర్పించిన ప్రకారం మొహం మీదికి వంగి అడిగాడు. "మీ పేరేంది? ఇయ్యాల ఏం వారం?"

"ఎబినేజర్... గురువారం," అన్నాడు ఉస్తాద్ నీరసంగా.

గల్లీ మొత్తం చప్పట్లు కొట్టింది. సూర్యప్రభ లోపలికి పరుగెత్తి మజ్జిగ తెచ్చింది. నాలుగు గుక్కలు తాగాక ఉస్తాద్ లేచి కూర్చుని, మానుకేసి ఒకసారీ తీతుకేసి ఒకసారీ చూశాడు.

"ఇప్పుడన్న చెప్పుండ్రి ఉస్తాద్. పాసా, ఫెయిలా?"

ఎబినేజర్ తీతు చెయ్యి పట్టుకుని గుండెకు హత్తుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాసే బిడ్డా. పాసే."

తీతుకు భూమ్మీద కాళ్లు నిలవలేదు. అమ్మకు ఫోన్ కలిపి, "మమ్మీ, పాసైన. రేపటి సంది నేను గూడ చెట్లెక్కుత" అని గల్లీకంతా వినబడేలా చెప్పాడు. ఇస్త్రీ ఆయన భుజం తట్టాడు.

అంతలో వాళ్ల జట్టులోనే చెట్లెక్కే జోస్నా స్కూటీ మీద గబగబా వచ్చి ఆగింది. హెల్మెట్ కూడా తీయకుండా ఉస్తాద్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రహస్యమనుకుంటూ అందరికీ వినబడేంత గొంతుతో అడిగింది. "సారీ ఉస్తాద్, కొత్తపేట కాడ ట్రాఫిక్‌ల ఇరుక్కున్న. తీతు పరీక్షకు నన్ను ఏ కొమ్మకు వేలాడమంటరు?"