తండ్రి పేరు

"మొగని పేరు చెప్తేనే పలక. లేకుంటే పో," అన్నాడు రామచంద్రయ్య.

దేవరకొండ సర్కారు బడి వరండాలో వరుస కదలకుండా నిలిచిపోయింది. అందరికన్నా ముందు జానమ్మ, ఆమె కొంగు పట్టుకుని అయిదేళ్ల గుర్వి. ఊరి విద్యా సహాయ సంఘం ఆ బడికి పెంకులు కప్పించింది, బల్లలు చేయించింది. ఇవాళ పేద పిల్లలకు పలకలు, గౌన్లు పంచుతోంది. బట్టల షావుకారు రామచంద్రయ్యే ఆ సంఘానికి పెద్ద.

"మా దిక్కు మొగని పేరు నోట ఎత్తరయ్యా," అంది జానమ్మ.

"గదే వద్దంటున్న! గీ మూఢనమ్మకాలు పోవాలెననే మేం సంఘం పెట్టింది."

వెనక నిలబడ్డ పక్కింటి బక్కమ్మ తల ముందుకు చాపింది. "నేను చెప్తనయ్యా. గాయన పేరు..."

"నువ్వు నోర్మూయి! ఎవ్వరూ అందియ్యద్దు. ఆమెనే చెప్పాలె."

పేర్లు రాస్తున్న వెంకటరాజం పంతులు గుర్విని దగ్గరికి పిలిచాడు. "మీ నాయిన పేరేంది బిడ్డా?"

"నాయిన," అంది గుర్వి.

వరుసంతా నవ్వింది. జానమ్మకు నవ్వు రాలేదు. పలక లేకుండా ఇంటికి పోతే రేపు పొద్దున్నే గుర్వి చేతికి కర్ర వస్తుంది, గొర్రెపిల్లల వెంట పోతుంది. అత్త ఆ మాట తేల్చి చెప్పి మరీ పంపింది.

"ఏమయ్యా, పలక మీద రాసేది పిల్లనా, దాని నాయినా?" అంది జానమ్మ. "నా పేరు రాసుకోరాదు? జానమ్మ. కన్నది నేను, సాకేది నేను, గీడిదాంక తోలుకొచ్చింది నేను."

"తల్లి పేరు రాసే రివాజు లేదు."

"మీకుంటే రివాజు, మాకుంటే మూఢనమ్మకమా?"

పంతులు నవ్వు ఆపుకోవడానికి కాగితం మీదికి వంగాడు. రామచంద్రయ్యకు ఒళ్లు మండింది.

"నాతోని జవాబులొద్దు! తాసీల్దారు సాబ్ వచ్చే యాళయింది. వేదిక మీద పేర్లన్ని నేనే సదవాలె. నీ నోట్లెకెల్లి ఒక్క పేరు రావాలె, గంతే! వస్తదా, పిల్లను తీస్కపోతవా?"

జానమ్మ గుర్విని ఎత్తి చంకన వేసుకుంది. కొంగు నెత్తి మీదికి లాక్కుని తల పైకెత్తింది.

"రాసుకో పంతులూ. రామచంద్రయ్య."

పెన్ను ఆగింది. వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. వేదిక ముందు కుర్చీలో కూర్చున్న షావుకారి భార్య సుగుణమ్మ విసనకర్ర ఆపి మెల్లగా ఇటు తిరిగింది.

"ఏ... ఏ రామచంద్రయ్య?" అన్నాడు రామచంద్రయ్య.

"పేరు అడిగినవు, చెప్పిన. ఏ రామచంద్రయ్యనో మైకుల సదివినంక ఊరే అనుకుంటది తియ్యి."

పంతులు ఏమీ ఎరగనట్టు తలెత్తాడు. "అయితే అయ్యా, వేదిక మీద ఎట్ల సదువుతరు? 'రామచంద్రయ్య బిడ్డ గుర్వమ్మ' అనేనా?"

వరండా గొల్లుమంది. సుగుణమ్మ కుర్చీలోంచి లేచింది.

"కొట్టెయ్! జల్ది కొట్టెయ్!" రామచంద్రయ్య కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "తల్లి పేరు రాయి! జానమ్మ బిడ్డ అని రాయి! గౌను గూడ ఇచ్చి పంపియ్యి!"

గుర్వి పలకను రెండు చేతులా కావలించుకుంది. బడి దాటాక బక్కమ్మ ఉరికొచ్చి జానమ్మ రెక్క పట్టుకుంది.

"సిగ్గు లేదానే నీకు? గంత మందిల బొంకుతవా? నీ మొగడు బీరన్న గదనే! గా పేరే చెప్తే ఏం పోయేది?"

జానమ్మ చటుక్కున లెంపలు వేసుకుంది.

"ఓ యమ్మ! మొగని పేరు ఎట్ల చెప్తరే?"